లిపి లేదంటే చప్పట్లు కొట్టినవాళ్ళం

ఫిబ్రవరి 15, సేవాలాల్ మహారాజ్ జయంతి. ఎమ్మిగనూరులో ఒక ఫంక్షన్ హాల్లో సభ పెట్టుకున్నాం. భోగ్ అయింది, ఫోటోలు అయినాయి, ఉపన్యాసాలు మొదలైనాయి. రిటైరైన ఒక పెద్దమనిషి మైకు తీసుకున్నాడు. మనవాడు కాదు గానీ మన మేలు కోరేవాడే. "మీ సుగాలీలు ఇంకా బాగా చదువుకోవాల. మీరు ఇంట్లో మాట్లాడేది భాష కాదు, యాస. దానికి లిపి లేదు. లిపి లేనిదాన్ని పట్టుకుని కూర్చుంటే పిల్లలు వెనకబడతారు. ఇంట్లో కూడా తెలుగే మాట్లాడండి" అన్నాడు. హాలంతా చప్పట్లు. ముందు వరసల్లో డీఎస్సీకి చదువుతున్న మన పిల్లలు, వాళ్ళ వెనక మన టీచర్లు, పక్కన తాండా నాయక్‌లు, కారోబారీలు. అందరూ కొట్టారు. నేనూ కొట్టాను.

బస్సెక్కి ఇంటికి పోయేదాకా ఆ చప్పుడు నా చేతుల్లోనే ఉంది. ఆ పెద్దమనిషికి చెప్పాల్సింది కొంచెమే. మనకు మనం చెప్పుకోవాల్సింది చాలా ఉంది.

ముందు ఆయన సంగతి. లిపి లేకపోతే భాష కాదంటే ఇంగ్లీషు భాష కాదు, అది రాసేది రోమన్ అక్షరాలతో. హిందీ, మరాఠీ, నేపాలీ మూడూ ఒకే నాగరి లిపిలో ఉన్నాయి. వాటిలో ఏది భాష, ఏది యాస? 2003లో రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్లోకి బోడో, సంతాలీ ఒకే సవరణతో వచ్చాయి. సంతాలీకి రఘునాథ్ ముర్ము 1925లో ఓల్ చికి అని సొంత లిపి తయారు చేశాడు. బోడో వాళ్ళు నాగరిలోనే రాసుకుంటున్నారు. ఒకరిది సొంత ఇల్లు, ఒకరిది బాడుగ ఇల్లు. ఢిల్లీ ఇద్దరినీ లోపలికి రానిచ్చింది. లిపి అన్న షరతు ఎక్కడా లేదు. అంత దూరం ఎందుకు, ఆదోని బస్టాండులో నిలబడితే తెలుగు బోర్డు చదివినవాడు బళ్ళారి బస్సు మీది కన్నడ బోర్డు కూడా కూడబలుక్కుని చదివేస్తాడు. రెండు లిపులూ ఒక తల్లి బిడ్డలు. అందువల్ల కన్నడం తెలుగుకు యాస అయిపోయిందా? ఆ మాట హొళగుందలోనో, కౌతాళంలోనో మైకులో చెప్పమనండి చూద్దాం.

ఆయనకు ఇది చాలు. ఇక మన సంగతి. ఆ సభ తర్వాత మన కుర్రాళ్ళు కొందరు నా దగ్గరకొచ్చి, "సార్ చెప్పింది నిజమే కదా, మనకూ ఒక లిపి ఉంటే ఎంత బాగుండేది. లిపి వస్తే భాష నిలబడుతుంది" అన్నారు. మనలో కొత్త లిపులు గీస్తున్నవాళ్ళు కూడా ఉన్నారు. వాళ్ళ కష్టాన్ని నేను తక్కువ చెయ్యను. కానీ లిపి ఉంటే భాష నిలబడుతుంది అన్న మాట నిజమో కాదో చూడాలంటే, లిపి బాగా ఉన్న ఒక జాతి కథ వినాలి. ఒకటి కాదు, మూడు లిపులున్న జాతి.

రాహుల్ సాంకృత్యాయన్ 'వోల్గా నుంచి గంగకు' మనలో చాలామంది చదివారు. ఆ వోల్గా ఒడ్డున కజాన్ అనే పట్నం ఉంది. అది తాతార్ల రాజధాని. 1552లో రష్యా జార్ ఇవాన్ దాన్ని గెలుచుకున్నాడు. అప్పటినుంచి తాతార్లు రష్యా లోపల ఉన్నారు. చిన్న జాతి కాదు. 2010 రష్యా జనాభా లెక్కల్లో 53 లక్షలు, అంటే రష్యన్ల తర్వాత ఆ దేశంలో వాళ్ళే ఎక్కువ. కజాన్‌లో 1804 నుంచి యూనివర్సిటీ ఉంది. టాల్‌స్టాయ్ అక్కడ చేరింది తూర్పు దేశాల భాషల విభాగంలో. లెనిన్‌ను అక్కడినుంచే గెంటేశారు. తాతార్ భాషలో పుస్తకాలు, పత్రికలు, నాటకాలు అన్నీ ఉన్నాయి. గబ్దుల్లా తుకాయ్ అనే కవి 1913లో 26 ఏళ్ళకే చనిపోయాడు. మాతృభాష మీద ఆయన రాసిన పాట ఆ జాతికి గీతం లాంటిది.

వాళ్ళు వందల ఏళ్ళు అరబ్బీ లిపిలో రాసుకున్నారు. 1920ల చివర సోవియట్ ప్రభుత్వం దాన్ని తీసేసి లాటిన్ లిపి పెట్టింది. 1939లో లాటిన్ తీసేసి రష్యన్ వాళ్ళ సిరిలిక్ పెట్టింది. పది పన్నెండేళ్ళలో మూడు లిపులు. తాత రాసిన ఉత్తరం కొడుకు చదవలేడు, కొడుకు రాసింది మనవడు చదవలేడు. ఇంట్లో మాత్రం ముగ్గురూ ఒకే భాషలో మాట్లాడుకున్నారు. ఇది గమనించండి. లిపి రెండుసార్లు మారినా భాష పోలేదు.

మరి ఎప్పుడు తగ్గింది? పట్నంలో రష్యన్ వస్తేనే ఉద్యోగం, రష్యన్ బడే మంచి బడి అని తాతార్ తల్లిదండ్రులు అనుకున్నప్పుడు తగ్గింది. ట్రాములో తాతార్‌లో మాట్లాడితే పక్కవాడు "మనుషుల భాష మాట్లాడు" అన్నాడని ఆ ఊరి పెద్దవాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆదోని బస్సులో మనకు ఎదురయ్యేది ఇదే. సోవియట్ యూనియన్ కూలేటప్పుడు వాళ్ళు లేచి నిలబడ్డారు. 1990లో తమ రిపబ్లిక్ సార్వభౌమం అని ప్రకటించుకున్నారు. 1992లో తాతార్, రష్యన్ రెండూ రాజభాషలే అని రాజ్యాంగంలో రాసుకున్నారు. ఆ రిపబ్లిక్‌లో ప్రతి బిడ్డా, రష్యన్ బిడ్డ అయినా సరే, బడిలో తాతార్ నేర్చుకోవాల్సిందే అన్నారు. 1999లో మళ్ళీ లాటిన్ లిపికి పోతామని చట్టం చేసుకున్నారు. మాస్కో ఊరుకుంటుందా? రిపబ్లిక్‌ల రాజభాషలన్నీ సిరిలిక్‌లోనే ఉండాలని 2002లో కేంద్ర చట్టం తెచ్చింది. 2004లో అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం సరేనంది. లిపి గురించి ఇన్నేళ్ళు ఇంత గొడవ.

అసలు దెబ్బ లిపి మీద పడలేదు. బడి టైంటేబుల్ మీద పడింది. 2017 జులైలో పుతిన్, తన మాతృభాష కాని భాషను ఎవరిచేతా బలవంతంగా చదివించకూడదు అన్నాడు. వినడానికి ఎంత బాగుందో చూడండి. దాని అర్థం మాత్రం తాతార్ పీరియడ్ తీసెయ్యండి అని. ప్రాసిక్యూటర్లు బడులకు తనిఖీకి వచ్చారు. 2017 నవంబర్ 29న తాతార్ల శాసనసభే తల వంచింది. వారానికి ఐదారు గంటలున్న తాతార్ పాఠం రెండు గంటలయింది. అదీ తల్లిదండ్రులు రాసి ఇస్తేనే. తాతార్ టీచర్లు చాలామంది వేరే సబ్జెక్టులకు మారాల్సి వచ్చింది. 2010 లెక్కల్లో తాతార్ వచ్చు అన్నవాళ్ళు దాదాపు 43 లక్షలు. 2021 లెక్కల్లో దాదాపు 33 లక్షలు. ఆ రెండో లెక్కను నమ్మలేమని వాళ్ళలో కొందరు అంటున్నారు. సగం తప్పని తీసేసినా మిగిలింది తక్కువేం కాదు.

కవి ఉన్నాడు, యూనివర్సిటీ ఉంది, రాజ్యాంగం ఉంది, మూడు లిపులున్నాయి. ఒక పీరియడ్ పోయేసరికి ఇంత నష్టం. మనకు ఆ పీరియడ్ ఏనాడూ లేదు. పోగొట్టుకునేదానికి కూడా లేదు. అలాంటివాళ్ళం లిపి గురించి బాధపడుతున్నాం.

ఇప్పుడు మన బడికి రండి. ఎమ్మిగనూరు, పెద్దకడబూరు, కోసిగి, మంత్రాలయం వైపు ఏ తాండా బడైనా సరే. ఒకటో తరగతిలో ఐదేళ్ళ బిడ్డ. ఇంట్లో అమ్మను యాడి అంటాడు, నీళ్ళను పాణి అంటాడు, రొట్టెను బాటి అంటాడు. టీచర్ తెలుగులో అడుగుతుంది. ఆమె తప్పేం లేదు, ఆమె ఊరు ఎక్కడో, ఆమెకు ట్రైనింగులో ఎవరూ ఈ సంగతి చెప్పలేదు. బిడ్డ నోరు తెరవడు. రెండు నెలలు చూసి "వీడు మొద్దు" అని రాసుకుంటుంది. నేనూ అలాంటి మొద్దునే. మూడో తరగతిలో "తారో నామ్ కాయీ" అని కొత్తగా వచ్చిన పిల్లను అడిగినందుకు అరచేతుల మీద బెత్తం దెబ్బలు తిన్నాను. నీ పేరేంటి అని అడిగినందుకు! ఇప్పుడు బెత్తం లేదు, కొట్టడం నేరం. మొద్దు అన్న మాట మాత్రం ఉంది.

ఆ బిడ్డకు తెలుగు నాలుక తిరిగేసరికి సంక్రాంతి దగ్గర పడుతుంది. అప్పటికి ఇంటివాళ్ళు సుగ్గికి పోతారు. కన్నడంలో సుగ్గి అంటే పంట చేతికొచ్చే సంబరం. మా పడమటి కర్నూలులో సుగ్గి అంటే ఇంటికి తాళం వేసి గుంటూరు మిరప చేలకో, బెంగుళూరు కట్టడాలకో పోవడం. ఒక సంబరం మాట మా దగ్గరకొచ్చి వలస మాట అయిపోయింది. బిడ్డ కూడా పోతాడు. మిరప చేను గట్టు మీద ముఠా అంతా తాండావాళ్ళే కాబట్టి అక్కడ గోర్ బోలి నడుస్తుంది. వేసవికి తిరిగొచ్చేసరికి బడిలో నేర్చిన నాలుగు తెలుగు ముక్కలూ పోయి ఉంటాయి. జూన్‌లో మళ్ళీ మొద్దు. డ్రాపౌట్ లెక్కలు రాసేవాళ్ళు కారణం దగ్గర వలస అని రాస్తారు. వలస నిజమే. కానీ భాష అన్న కారణం రాయడానికి ఆ ఫారంలో గడి లేదు.

"ఇన్ని భాషల్లో బడి నడపడం ప్రభుత్వానికి సాధ్యమా?" అని అడుగుతారు. ఇదే ఆదోనిలో ఉర్దూ మీడియం బడి ఉంది, సరిహద్దు మండలాల్లో కన్నడ మీడియం బడులున్నాయి. 1953 అక్టోబర్ 1న బళ్ళారి జిల్లా నుంచి ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రలోకి వచ్చినప్పుడు కన్నడం మాట్లాడే పిల్లలు కూడా వచ్చారు. వాళ్ళకు కన్నడ బడి ఉండాలని అందరూ ఒప్పుకున్నారు. ఒప్పుకోవాల్సిందే. ప్రాథమిక స్థాయిలో మాతృభాషలో చదువు చెప్పే ఏర్పాటు చెయ్యాలని రాజ్యాంగం 350ఎ అధికరణ చెబుతోంది. అది 1956 నుంచి ఉంది. తాండా బిడ్డకూ, ఎరుకల వాడ బిడ్డకూ కూడా అది వర్తిస్తుందని చెప్పడానికి మన తరఫున ఒక్కరూ ఆ గడప ఎక్కలేదు.

సాధ్యం కాదన్న మాట ఎంత అబద్ధమో ఇంకొక సంగతితో తెలుస్తుంది. 2004 ప్రాంతంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమే ఎనిమిది గిరిజన భాషల్లో చిన్న తరగతుల వాచకాలు చేయించింది. కోయ, గోండి, కొలామి, కొండ, కువి, సవర, ఆదివాసీ ఒడియా, బంజారా. అన్నీ తెలుగు లిపిలో. బంజారా అంటే మన గోర్ బోలే. వాచకం ఉంది, లిపి సమస్య తీరింది, దారి తెలిసింది. అది మన పడమటి తాండాలకు ఎందుకు రాలేదు? మనం మైదాన ప్రాంత గిరిజనులం కాబట్టి. పథకాలు ఏజెన్సీని చూసి రాస్తారు. మన పక్కనున్న ఐటీడీఏ శ్రీశైలంలో ఉంది, అది చెంచుల కోసం. 2022లో జిల్లా రెండుగా చీలాక అది నంద్యాల వైపు పోయింది. చెంచులకు ఉండాల్సిందే, ఇంకా కావాలి కూడా. కానీ సుగాలి, ఎరుకల బిడ్డ భాష గురించి పడమటి కర్నూలులో ఏ ఆఫీసులో అడగాలో చెప్పండి. ఎనిమిదింటిలో ఎరుకల భాష అసలు లేనే లేదు.

ఎరుకల అన్నదమ్ముల సంగతి మనకంటే కష్టం. వాళ్ళ భాషను వాళ్ళు కుర్రు అంటారు, తమిళానికి దగ్గరిది. ఆదోని సంతలో బుట్టలమ్మే ఎరుకల అవ్వ తెలుగు, కన్నడం, ఉర్దూ మూడింట్లో బేరమాడుతుంది. మనవడు పక్కన కుర్రులో ఏదన్నా అడిగితే మాత్రం కళ్ళెర్ర చేస్తుంది. ఎందుకో ఒకసారి అడిగాను. "ఈడ మాట్లాడగూడదు నాయనా, ఇనేటోళ్ళు ఇంగోటి అనుకుంటారు" అంది. ఆ భయం ఆమెది కాదు, మూడు నాలుగు తరాలది. 1871లో నేరజాతుల చట్టం తెచ్చారు. 1911 చట్టంతో దాన్ని మద్రాసు రాజధానిలో అమలుకు తెచ్చారు. పోలీసు అధికారి పాపారావు నాయుడు 1905లోనే ఎరుకల వాళ్ళ మీద నేరజాతుల పుస్తకం ఒకటి వేశాడు. స్టువర్టుపురం లాంటి సెటిల్మెంట్లలో పెట్టి హాజరు తీసుకున్నారు. ఇద్దరు ఎరుకల మగవాళ్ళు తమ భాషలో మాట్లాడుకుంటే అది దొంగల గుసగుస అయింది. 1952లో చట్టం పోయింది, దాని బదులు అలవాటు నేరస్తుల చట్టాలు వచ్చాయి. చట్టం పోయినా అవ్వ గొంతు తగ్గించడం పోలేదు.

లెక్క చూడండి. 2011లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఎరుకల వాళ్ళు ఐదు లక్షలు దాటారు. అదే లెక్కల్లో ఎరుకల మాతృభాష అని చెప్పినవాళ్ళు దేశం మొత్తం మీద 58 వేల పైచిలుకు. ఇంకా ఆ 58 వేల మందిని కూడా తీసుకెళ్ళి తమిళం కింద కలిపారు. మనల్ని తీసుకెళ్ళి హిందీ కింద కలిపారు. లంబాడి అని చెప్పినవాళ్ళు 32 లక్షల పైన, బంజారీ అని చెప్పినవాళ్ళు 15 లక్షల పైన. అందరూ కలిసి హిందీ మాట్లాడేవాళ్ళ గొప్ప సంఖ్యలో కూడికకు పనికొచ్చారు. మా అమ్మకు హిందీలో ఒక వాక్యం రాదు. ఢిల్లీ లెక్కలో ఆమె హిందీ మనిషి. అంతకుముందు బ్రిటిష్ కాలంలో గ్రియర్సన్ దేశమంతా భాషల సర్వే చేశాడంటారు. అది మద్రాసు ప్రెసిడెన్సీలోకి రానే లేదు. అప్పుడు ఆదోని ఉన్నది అందులోనే. అంటే మొదట లెక్కలోకి రాలేదు, వచ్చాక ఇంకొకరి లెక్కలో కలిసిపోయాం.

మన జాతిని ముక్కలు చెయ్యడంలో మాత్రం ప్రభుత్వాలు ఉదారం. ఆంధ్రలో సుగాలి ఎస్టీ. తెలంగాణలో లంబాడీలు 1976 సవరణ తర్వాతే ఎస్టీ అయ్యారు. సరిహద్దు దాటి సిరుగుప్పలో, రాయచూరులో ఉన్న మా మేనమామ ఎస్సీ. మహారాష్ట్రలో విముక్త జాతి. నాలుగు పేర్లు, నాలుగు సర్టిఫికెట్లు. పెళ్ళికి కలిసినప్పుడు అందరం మాట్లాడుకునేది ఒకే గోర్ బోలి. మనల్ని ఒక్కటిగా చూపించేది ఇంకేముంది?

సర్టిఫికెట్ మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్పాలి. కులం మీద అనుమానం వస్తే దేవుళ్ళు, ఆచారాలు, పెళ్ళి, చావు పద్ధతులు విచారించమని సుప్రీంకోర్టు 1994లో మాధురీ పాటిల్ కేసులో చెప్పింది. అంటే ఉద్యోగం వచ్చిన మన పిల్లవాడు ఏ రోజైనా ఒక కమిటీ ముందు నిలబడి తీజ్ గురించి, పెళ్ళి గురించి, పూడ్చడం గురించి చెప్పాల్సి రావచ్చు. ఆ మాటలన్నీ గోర్ బోలిలోనే ఉన్నాయి. ఒకటో తరగతిలో వద్దన్నవి, ముప్పై ఏళ్ళకు రుజువుగా కావాలి.

ఇప్పుడు "ఇంగ్లీషే అన్నం పెడుతుంది" అనేవాళ్ళకు. పెడుతుంది. నేను కాదనను, నా పిల్లనూ ఇంగ్లీషు మీడియంలోనే వేశాను. 2019లో ప్రభుత్వం బడులన్నీ ఇంగ్లీషు మీడియం అన్నప్పుడు రాష్ట్రమంతా పెద్ద గొడవ జరిగింది, 2020 ఏప్రిల్‌లో హైకోర్టు ఆ జీవోలు కొట్టేసింది. ఆ రోజుల్లో పత్రికలు తిరగేసి చూడండి. మాతృభాష కావాలన్నవాళ్ళూ, ఇంగ్లీషు కావాలన్నవాళ్ళూ ఇద్దరూ మాతృభాష అంటే తెలుగనే అనుకుని కొట్లాడుకున్నారు. తాండా బిడ్డ మాతృభాష ఏమిటని ఏ పక్కా అడగలేదు. మన బిడ్డకు తెలుగు రెండో భాష, ఇంగ్లీషు మూడోది. మొదటిదాని మీద నిలబెట్టకుండా మూడోదాని మీదికి ఎగరమంటున్నారు. ఒకటి రెండు తరగతుల్లో బిడ్డకు తెలిసిన భాషలో నాలుగు మాటలు చెప్పి, దాని మీదుగా తెలుగుకు, ఇంగ్లీషుకు తీసుకెళ్ళమని మాత్రమే మనం అడుగుతున్నాం. అడుగుతున్నాం అని రాశాను గానీ, నిజానికి అడగడం లేదు.

ఎందుకు అడగడం లేదో నాకు తెలుసు, నేనూ ఆ బాపతే కాబట్టి. సభల్లో "గోర్ బోలిని ఎనిమిదో షెడ్యూల్లో చేర్చాలి" అని తీర్మానం చేస్తాం. తీర్మానం తెలుగులో రాస్తాం. ఇంటికెళ్ళి పిల్లలతో తెలుగులో, కొంచెం డబ్బుంటే ఇంగ్లీషులో మాట్లాడతాం. మా అమ్మ కర్నూలుకు వచ్చి నెల రోజులుంటే, నా బిడ్డ ప్రతి పూటా నన్నడుగుతుంది: "నానమ్మ ఏమంటోంది?" నేను మధ్యలో కూర్చుని ఆమె మాట ఈమెకు, ఈమె మాట ఆమెకు చెబుతాను. ఒకే ఇంట్లో ఇద్దరి మధ్య దుబాసీని. పోయిన ఏడాది మా అన్న కూతురి పెళ్ళిలో అప్పగింతల వేళ పెళ్ళికూతురు ఢావ్లో పాడాలి. పుట్టింటిని తలుచుకుని ఏడుస్తూ పాడే పాట అది, ఎవరి పాట వాళ్ళే కట్టుకోవాలి. ఆ పిల్ల బీటెక్ చదివింది. ఏడ్చింది గానీ పాడలేకపోయింది. అక్కడ చెప్పుకోవాల్సిన మాటలు ఆమె దగ్గర లేవు. ముసలివాళ్ళు ఇద్దరు ఆమె మెడ పట్టుకుని ఆమె బదులు పాడారు. బయట డీజే ఆపమని నేను రెండుసార్లు చెప్పి రావాల్సి వచ్చింది.

లిపి గీసే తమ్ముళ్ళకు ఒక మాట. ఆ పని చెయ్యండి, ఎవరూ వద్దనరు. అది అయ్యేదాకా ఆగుదాం అనకండి. తెలుగు లిపి మన చేతిలో ఉంది, తాండాలో పదో తరగతి చదివిన ప్రతివాడికీ వచ్చు, ఫోన్‌లో టైపు అవుతుంది. గోర్ బోలి, కుర్రు రెండూ దానిలో రాయొచ్చు. తాతార్లలో కయూమ్ నసీరీ అనే ఒకాయన ఉండేవాడు, 1825లో పుట్టాడు. పత్రిక పెట్టడానికి జార్ ప్రభుత్వం అనుమతి ఇవ్వలేదు. ఆయన ఊరుకోకుండా 1871 నుంచి పాతికేళ్ళకు పైగా ఏటేటా తాతార్ భాషలో క్యాలెండర్ వేశాడు. క్యాలెండర్‌కు ఎవరు అడ్డం చెబుతారు? తేదీల పక్కన జనానికి పనికొచ్చే సంగతులు, సామెతలు, విజ్ఞానం అన్నీ పెట్టాడు. లిపి గురించి ఆయన గొడవపడలేదు, అప్పుడున్న అరబ్బీ లిపిలోనే వేశాడు. మన తాండాల్లో ప్రతి ఇంట్లో గోడకు ఒక క్యాలెండర్ ఉంటుంది. ఎరువుల కొట్టువాడో, చిట్‌ఫండ్ వాడో ఇచ్చింది. తీజ్ ఎప్పుడు, సేవాలాల్ జయంతి ఎప్పుడు అన్నది అందులో ఉండదు. ఆదోనిలో ఎన్ని ప్రింటింగ్ ప్రెస్సులున్నాయి! జయంతికి వేసే ఫ్లెక్సీల డబ్బుల్లో సగం పెడితే వెయ్యి క్యాలెండర్లు వస్తాయి. ఫ్లెక్సీలో మన నాయకుల మొహాలు కొంచెం చిన్నవవుతాయి, అంతే.

ఎరుకల సంఘాల తమ్ముళ్ళకు కూడా ఇదే చెబుతున్నాను. మీ అవ్వలు ఇంకా ఉన్నారు. గొంతు తగ్గించే అలవాటు వాళ్ళతో పోనివ్వండి, భాషను మాత్రం పోనివ్వకండి. ఫోన్ పెట్టి రికార్డు చెయ్యండి.

టీచర్లకు చెప్పాల్సింది వేరే ఉంది, అది నా తప్పుతో మొదలవుతుంది. 2011 జనాభా లెక్కల్లో నేను ఎన్యూమరేటర్‌ని. మా తాండా నా బ్లాకులోనే వచ్చింది. ఇంటింటి షెడ్యూల్లో పదో ప్రశ్న మాతృభాష, పదకొండోది తెలిసిన వేరే భాషలు. ఫిబ్రవరి ఎండ, సగం ఇళ్ళకు తాళాలు, సుగ్గికి పోయినవాళ్ళ వివరాలు పక్కింటివాళ్ళను అడగాలి. పైన సూపర్‌వైజర్ తొందర. నేను పదో ప్రశ్న అడగనే లేదు. వరసగా తెలుగు, తెలుగు, తెలుగు అని రాసుకుంటూ పోయాను. మా ఇంటి దగ్గరకొచ్చినప్పుడు మా అమ్మ గడప మీద కూర్చుని "కాయీ లకరోచీ?" అని అడిగింది. ఏం రాస్తున్నావు అని. ఏం లేదులే యాడీ అన్నాను. ఆమె పేరు ఎదురుగా కూడా తెలుగు అనే రాశాను. హిందీ కింద కలిపారని పైన ఢిల్లీని తిట్టాను కదా. ఢిల్లీ దాకా పోనివ్వకుండా చేసినవాళ్ళలో నేనొకణ్ణి.

2027 మార్చి 1 తేదీగా మళ్ళీ లెక్కలు వస్తున్నాయి. ఈసారి మొబైల్‌లో. ఇంటింటికీ తిరిగేది ఎక్కువమంది మళ్ళీ టీచర్లే, మనమే. ఇంటివాళ్ళు ఏం చెబితే అది రాయడం ఎన్యూమరేటర్ పని, ఊహించి రాయడం కాదు. లంబాడి అంటే లంబాడి, గోర్ బోలి అంటే గోర్ బోలి, ఎరుకల అంటే ఎరుకల. తాండాల్లో, వాడల్లో ముందుగానే తిరిగి చెప్పాలి, ఎందుకంటే ఫిబ్రవరిలో వాళ్ళు మిరప చేలలో ఉంటారు. వెళ్ళేలోపే చెప్పాలి, లేదా గుంటూరు వైపు డ్యూటీ పడిన మన టీచర్లకు ఫోన్ చేసి చెప్పాలి, గట్ల మీద గుడిసెల్లో ఉండేవాళ్ళను కూడా అడగమని. మా మండలంలో నలుగురం ఆ పని మొదలుపెట్టాం. దసరా లోపల కోసిగి, పెద్దకడబూరు వైపు తాండాలు తిరగాలని ఉంది. బండి ఉన్నవాళ్ళు ఆదివారాలు రండి.